ఉదరం వ్యాధుల నిలయమా?
మధుమేహం, పేగు పొర: ఒక చారిత్రక పరిశీలన

నూజివీడు అనగానే తెలుగువారికి మామిడి జ్ఞప్తికి వస్తుంది. నేడు ఏలూరు జిల్లాలోను, 2022 ఏప్రిల్‌కు పూర్వం కృష్ణా జిల్లాలోను ఉన్న ఈ పట్టణం చుట్టూ ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి మొదలుకొని అటు విస్సన్నపేట, రెడ్డిగూడెం, మైలవరం వరకు మామిడి తోటలు పరచుకొని ఉన్నాయి. చిన్న రసాలు, పెద్ద రసాలు, బంగినపల్లి, కలెక్టరు కాయ ఇక్కడి ముఖ్యమైన రకాలు. వేసవి వచ్చిందంటే విజయవాడ సమీపంలోని నున్న మార్కెట్టు దారి పొడవునా కాయల బండ్లే కనిపిస్తాయి. ఆ రెండు మూడు నెలలు మామిడిపండు లేని ఇల్లు ఈ సీమలో ఉండదు.

అదే ఋతువులో ఈ ప్రాంతపు ఇళ్ళలో ఒక ప్రశ్న కూడా తప్పక వినిపిస్తుంది. చక్కెర వ్యాధి ఉన్నవారు పండు తినవచ్చునా? భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగి 2023లో ప్రకటింపబడిన దేశవ్యాప్త సర్వే ప్రకారం భారతదేశంలో పెద్దవారిలో 11.4 శాతం మందికి, అనగా సుమారు 10 కోట్ల మందికి మధుమేహం ఉన్నది. కనుక ఈ ప్రశ్న ఏ ఒక్క ఇంటికో పరిమితమైనది కాదు. దీనికి సమాధానంగా ఇటీవలి కాలంలో ఒక కొత్త మాట ప్రచారంలోనికి వచ్చినది. పేగు లోపలి పొర చెడిపోవుటయే మధుమేహానికి మూలమనీ, ఆ పొరను బాగుచేసుకుంటే మందుల అవసరమే ఉండదనీ ఆ మాట సారాంశం. దానికి తోడుగా ఉదరమే సర్వ వ్యాధులకు నిలయమన్న ఒక అరబీ నానుడిని దైవప్రవక్త (స) వచనంగా ఉదహరించడం, ఆధునిక విజ్ఞానం నేడు కనుగొన్నదంతా పూర్వమే చెప్పబడినదని ముగించడం ఉపన్యాసాలలోను, వ్యాసాలలోను ఆనవాయితీ అయినది.

ఈ వాదంలో రెండు భాగాలున్నాయి. ఒకటి నానుడికి సంబంధించినది, రెండవది వ్యాధికి సంబంధించినది. ముస్లిం విద్వాంసులు ఏ మాటనైనా స్వీకరించే ముందు అది ఎవరి నుండి ఎవరికి చేరినదో, మధ్యలో లంకె తెగినదో లేదో విచారించేవారు. హదీసు శాస్త్రానికి ప్రాణమైన ఈ పరంపరా పరిశీలనను, అనగా ఇస్నాద్‌ను, రెండు భాగాలకూ వర్తింపజేసి చూడడం అవసరం.

నానుడి ఎవరిది?

ఉదరం వ్యాధుల నిలయమనీ, పథ్యం చికిత్సకు శిరస్సు వంటిదనీ చెప్పే ఆ అరబీ వాక్యం ప్రవక్త (స) వచనంగా స్థిరపడినది కాదు. 1350లో మరణించిన ఇమాం ఇబ్న్ ఖయ్యిమ్ తమ ‘జాదుల్ మఆద్’ గ్రంథంలో ఈ విషయాన్ని స్పష్టం చేశారు. అది తాయిఫ్‌కు చెందిన సఖీఫ్ తెగవాడైన అరబ్బు వైద్యుడు హారిస్ బిన్ కల్దా మాట అనీ, దానిని ప్రవక్త (స)కు ఆపాదించడం సరికాదనీ ఆయన వ్రాశారు. తరువాతి కాలపు హదీసు వేత్తలలో సఖావీ కూడా ఈ అభిప్రాయాన్నే వెలిబుచ్చారు. హారిస్ పారశీక దేశంలోని జుందీషాపూర్‌లో వైద్యం నేర్చినవాడని చరిత్రకారులు పేర్కొన్నారు. అనగా ఆ మాట నాటి వైద్యుల అనుభవసారం. దానిని ఆ స్థానంలోనే ఉంచి గౌరవించవలసి ఉన్నది.

ఇంతమాత్రాన ఆహార విషయంలో ఇస్లాం బోధ ఏమీ లేదని కాదు. దివ్య ఖుర్‌ఆన్ అల్ అఅరాఫ్ సూరాలోని 31వ వాక్యం అన్నపానాలను అనుమతిస్తూనే మితిమీరడాన్ని నిషేధించినది. కడుపులో మూడింట ఒక భాగం ఆహారానికి, ఒక భాగం నీటికి, మిగిలినది శ్వాసకు విడువమనే భావం గల హదీసును హజ్రత్ మిఖ్దామ్ బిన్ మఅదీకరిబ్ (రజి) ఉల్లేఖించగా ఇమాం తిర్మిజీ తమ సంకలనంలో చేర్చారు. అయితే ఇవి మితాహారాన్ని బోధించే నైతిక ఆదేశాలు. మధుమేహం ఎట్లు పుట్టునో వివరించే వైద్య సిద్ధాంతాలుగా వీటిని పూర్వ విద్వాంసులు చూపలేదు. ధర్మాదేశానికి లేని బరువును దానిపై మోపితే, రేపు ఆ సిద్ధాంతం మారినప్పుడు సామాన్యుని దృష్టిలో ఆదేశం కూడా తేలికపడుతుంది.

యూనానీ గ్రంథాలలో మధుమేహం

మధుమేహాన్ని అరబ్బులు గ్రీకు పేరుతోనే ‘జియాబీతుస్’ అన్నారు. గ్రీకు వైద్యుడు గాలెన్ ఈ వ్యాధిని చాలా అరుదైనదిగా భావించి, తాను చూచినవి రెండు సందర్భాలేనని చెప్పుకున్నారు. దానికి కారణం మూత్రపిండాల బలహీనత అని ఆయన అభిప్రాయం. ఆ అభిప్రాయమే శతాబ్దాల పాటు నిలిచినది.

1037లో మరణించిన ఇబ్న్ సీనా తమ ‘అల్ ఖానూన్’లో ఈ వ్యాధిని మూత్రపిండాల వ్యాధులలోనే చేర్చారు. త్రాగిన నీరు కొద్దిసేపటిలోనే మారకుండా వెలుపలికి పోవడం, ఆరని దాహం దీని లక్షణాలుగా చెప్పారు. ఇక్కడే ఒక విశేషమున్నది. దీనికి ఆయన చూపిన పోలిక పేగుల నుండి తీసుకున్నదే. తిన్న ఆహారం జీర్ణం కాకుండా జారిపోయే కడుపు, పేగుల వ్యాధిని నాటి వైద్యులు ‘జలఖ్’ అనేవారు. ఆ వ్యాధికి ఆహారంతో ఎట్టి సంబంధమో, మధుమేహానికి పానీయంతో అట్టి సంబంధమని ఇబ్న్ సీనా వివరించారు. పేగు, మధుమేహం ఒకే వాక్యంలో పక్కపక్కన కనిపిస్తున్నాయి గదా అని, పేగు పొర రహస్యం ఆయనకు తెలిసినదని నేడు కొందరు తీర్మానించవచ్చు. అది పొరపాటు. అక్కడ ఉన్నది పోలిక మాత్రమే గాని కారణం కాదు. ఆయన దృష్టిలో వ్యాధి స్థానం మూత్రపిండమే. ఇబ్న్ సీనా గొప్పతనం ఆయన చెప్పిన దానిలో ఉన్నది. చెప్పని దానిని ఆయనకు అంటగట్టడం వలన అది పెరగదు.

ఆ కాలపు వైద్యులు పూర్వుల మాటను అనుభవంతో సరిపోల్చుకొనేవారు. సుల్తాన్ సలాహుద్దీన్ కొలువుకు చెందిన యూదు వైద్యుడు మూసా బిన్ మైమూన్, ఈజిప్టులో పది సంవత్సరాలలో ఇరవైమందికి పైగా మధుమేహ రోగులను తాము చూచినట్లు వ్రాశారు. గాలెన్ చూచినవి రెండే, ఈయన చూచినవి ఇరవై. ప్రాంతాన్ని బట్టి, జీవన విధానాన్ని బట్టి వ్యాధి హెచ్చుతగ్గులు ఉండగలవన్న గ్రహింపు దీనిలో ఉన్నది. 1231లో మరణించిన అబ్దుల్లతీఫ్ అల్ బగ్దాదీ మధుమేహంపై ప్రత్యేకంగా ఒక గ్రంథమే రచించారు.

భారతదేశపు వాటా కూడా ఇందులో ఉన్నది. చరక, సుశ్రుత సంహితలు అబ్బాసీ యుగంలో అరబీలోనికి వచ్చాయి. 850 ప్రాంతంలో అలీ బిన్ రబ్బన్ తబరీ రచించిన ‘ఫిర్దౌసుల్ హిక్మత్’లో భారతీయ వైద్యానికి ప్రత్యేక భాగం కేటాయింపబడినది. మూత్రం తేనెవలె తియ్యనగునని పేరులోనే చెప్పిన మధుమేహ వర్ణన ఈ దేశానిది. యూరపులో థామస్ విల్లిస్ ఆ తీపిని గుర్తించి వ్రాసినది 1674 ప్రాంతంలో. రక్తంలో కూడా చక్కెర ఉన్నదని మాథ్యూ డాబ్సన్ చూపినది 1776లో.

గోల్కొండ నుండి కొండపల్లి వరకు

నూజివీడు ప్రాంతం కుతుబ్‌షాహీల కాలంలో, తరువాత నిజాముల కాలంలో కొండపల్లి సర్కారులోనిది. దీనికే ముస్తఫానగర్ అనే పేరు కూడా ఉండేది. గోల్కొండ రాజ్యానికి ప్రధాన రేవు మచిలీపట్నం. పారశీకం నుండి వచ్చిన విద్వాంసులకు, వర్తకులకు ఆ రేవు ఒక ముఖద్వారం. 1595లో ముహమ్మద్ ఖులీ కుతుబ్‌షా హైదరాబాదులో దారుష్షిఫా అనే వైద్యశాలను నిర్మించారు. ఆ పేరు నేటికీ నగరంలో ఒక పేటకు నిలిచి ఉన్నది. 1766లో ఉత్తర సర్కారులు ఈస్టిండియా కంపెనీ పరమైనా యూనానీ వైద్యం తెలుగు నేలపై అంతరించలేదు. హైదరాబాదులో చార్మినార్ చెంతనున్న నిజామియా వైద్యశాల, కర్నూలులోని డాక్టర్ అబ్దుల్ హఖ్ యూనానీ కళాశాల ఆ పరంపరకు సాక్ష్యాలు.

యూనానీ హకీములు పండిన మామిడిని ఉష్ణ స్వభావం కలదిగా, పచ్చి కాయను శీతల స్వభావం కలదిగా భావించారు. వగరుగా ఉండే టెంక లోపలి జీడిని ఎండబెట్టి పొడిచేసి అతిసారానికి వాడేవారు. మామిడి జీడిలో ప్రేగులను బిగించే వగరు పదార్థాలు ఉన్న మాట నిజమే. అయినా విరేచనాలను కట్టే పొడి వేరు, మధుమేహాన్ని నయంచేసే మందు వేరు. మొదటి గుణాన్ని చూపి రెండవ గుణాన్ని రుజువు చేసినట్లు భావించరాదు.

మూత్రపిండం నుండి క్లోమానికి

1889లో స్ట్రాస్‌బర్గ్ నగరంలో మింకౌస్కీ, ఫాన్ మేరింగ్ అనే శాస్త్రజ్ఞులు ఒక కుక్కకు క్లోమాన్ని తొలగించగా దానికి మధుమేహం వచ్చినది. గాలెన్ నాటి మూత్రపిండ సిద్ధాంతం దానితో కూలిపోయినది. 1921లో కెనడాలోని టొరాంటోలో బాంటింగ్, బెస్ట్ పరిశోధన ఫలితంగా ఇన్సులిన్ లభించినది. 1922 జనవరి 11న లెనార్డ్ థాంప్సన్ అనే 14 సంవత్సరాల బాలునికి అది మొదటిసారి ఇవ్వబడినది. అంతకు పూర్వం మృత్యుముఖంలో ఉన్న పిల్లలు దానితో బ్రతికారు.

క్లోమం వెలుగులోనికి వచ్చిన తరువాత కూడా పేగు ప్రస్తావన ఆగలేదు. 1902లో లండనులో బేలిస్, స్టార్లింగ్ పేగు నుండి వెలువడే ఒక రసాయనం క్లోమాన్ని పని చేయించునని చూపారు. 1964లో మరొక సంగతి బయటపడినది. గ్లూకోజును నోటిద్వారా ఇచ్చినప్పుడు వెలువడే ఇన్సులిన్, నరంలోనికి ఎక్కించినప్పటి కంటె చాల ఎక్కువ. అనగా ఆహారం వచ్చుచున్నదని పేగు ముందుగా క్లోమానికి కబురు పంపుతున్నది. ఈ పేగు హార్మోనుల ఆధారంగా తయారైన మందులు 2005 నుండి వాడుకలో ఉన్నాయి. ఇది రుజువైన సంబంధం. అయితే ఇది పేగు ‘కబురు’కు సంబంధించినది గాని పేగు ‘పొర’కు సంబంధించినది కాదు. రెండింటినీ కలగాపులగం చేయడం నేటి ప్రచారంలోని ఒక లోపం.

పేగు పొర చరిత్ర: కూనూరు నుండి హైదరాబాదుకు

పేగు పొర చరిత్రలో తెలుగు నేలకు కూడా ఒక స్థానమున్నది. రాబర్ట్ మెక్‌కారిసన్ అనే వైద్యుడు నీలగిరి కొండలలోని కూనూరులో పోషకాహార లోపాలపై పరిశోధనలు చేశారు. 1918లో అక్కడి పాశ్చర్ సంస్థలో ఒక చిన్న గదిలో ఆయన పని ఆరంభమైనది. లోపభూయిష్టమైన ఆహారం ఇచ్చిన కోతులలో, పావురాలలో పేగు గోడ పలుచబడి, దాని లోపలి పొర దెబ్బతిని, సూక్ష్మజీవులను అడ్డగించే శక్తి సన్నగిల్లుతుందని 1921లో వెలువడిన తమ గ్రంథంలో ఆయన వివరించారు. ఆహారం చెడితే పేగు కోట గోడ చెడుతుందన్న భావనకు ప్రయోగపూర్వకమైన తొలి ఆధారాలలో ఇది ఒకటి. ఆ చిన్న గదియే పెరిగి 1928లో పోషకాహార పరిశోధనాలయమై, 1958లో హైదరాబాదుకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థగా పేరు పొందినది. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో సాగించిన కృషి వలన 1940ల నడుమ ఫోలిక్ ఆమ్లం లభించి, పేగు లోపలి పొర క్షీణించే స్ప్రూ వ్యాధికి ఔషధమైనది.

ఇంతకూ ఈ పొర పనితీరు ఎట్టిది? పేగు లోపలి వైపున ఒకే ఒక వరుస కణాలుంటాయి. వాటిపై జిగురు పూత ఉంటుంది. కణానికి కణానికి నడుమ ఉన్న సందును బిగుతైన అతుకులు మూసి ఉంచుతాయి. ఈ అతుకుల స్వరూపాన్ని 1963లో ఫార్కర్, పాలడే ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో వర్ణించారు. పేగులోని కోట్లాది సూక్ష్మజీవులలో కొన్నింటి పైపొరలో ఎండోటాక్సిన్ అనే విషపదార్థం ఉంటుంది. గోడ గట్టిగా ఉన్నంతవరకు అది లోపలే ఉండి మలంతో పోతుంది. గోడ వదులైతే కొద్దికొద్దిగా రక్తంలో చేరి, శరీరమంతటా సన్నని మంట వంటి వాపును రగిలిస్తుంది. ఆ వాపు వలన ఇన్సులిన్ ఉన్నా దాని మాట కణాలు వినవు.

2007లో పాట్రిస్ కానీ మొదలగు పరిశోధకులు దీనిని ఎలుకలలో చూపారు. నాలుగు వారాలు అధికంగా కొవ్వు తిన్న ఎలుకల రక్తంలో ఎండోటాక్సిన్ రెండు మూడు రెట్లు పెరిగినది. అదే పదార్థాన్ని కొద్ది మోతాదులో ఎక్కించినప్పుడు మామూలు ఆహారం తిన్న ఎలుకలకు కూడా బరువు, చక్కెర పెరిగాయి. ఇంతవరకు చూస్తే పేగు పొర చెడుట కారణం, మధుమేహం ఫలితం అని తోచును. కాని 2018లో ఇజ్రాయిల్‌లోని వైజ్‌మన్ సంస్థ నుండి వెలువడిన పరిశోధన ఇందుకు ఎదురు దిశను చూపినది. రక్తంలో చక్కెర పెరుగుటయే పేగు పొర అతుకులను సడలించునని ఆ ఎలుకలలో తేలినది. కనుక సంబంధం ఉన్నదనుట నిజం. ఏది ముందు, ఏది వెనుక అనేది మనుష్యులలో ఇంకను తేలలేదు. బహుశా ఒకదానినొకటి పెంచుకుంటూ పోయే చక్రం కావచ్చును.

పరంపర ఎక్కడ తెగుతున్నది?

హదీసు వేత్త వలె ఈ వార్తకు లంకెలను లెక్కించినచో పరిస్థితి ఇది. ఎలుకలలో రుజువు బలమైనది. మధుమేహ రోగుల రక్తంలో ఎండోటాక్సిన్ హెచ్చుగా ఉన్నట్లు పలు పరిశీలనలు చెప్పుచున్నవి. పీచు అధికంగా గల ఆహారం వలన పేగులోని మేలు చేసే సూక్ష్మజీవులు వృద్ధి చెంది చక్కెర అదుపు మెరుగైనదని చైనాలో జరిగి 2018లో ప్రకటింపబడిన ప్రయోగం చూపినది. 1957 నుండి వాడుకలో ఉన్న మెట్‌ఫార్మిన్ మాత్ర కూడా కొంతవరకు పేగులోనే పని చేయునని నేడు తెలిసినది. ఇవన్నీ దృఢమైన లంకెలు. పేగు పొరను ‘అతికించి’ మధుమేహాన్ని మాన్పిన మందు మాత్రం నేటివరకు లేదు. లంకె తెగినది అక్కడే. కాని ప్రచారం ఆరంభమయ్యేదీ అక్కడే. మొదటి లంకెల బలాన్ని చూపి చివరి లంకెను నమ్మించడం కల్పిత హదీసులను ప్రచారం చేసినవారు ఏనాడో ఎరిగిన పద్ధతి.

ఈ తేడా కేవలం పండితుల వాదం కాదు. ఇన్సులిన్ మీద ఆధారపడిన బిడ్డకు తల్లిదండ్రులు దానిని మానిపించి పేగు శుద్ధి చూర్ణం ఇస్తే, కొద్ది దినాలలోనే ప్రాణం మీదికి వస్తుంది. క్లోమమే ఇన్సులిన్‌ను ఉత్పత్తి చేయలేని ఆ రకపు వ్యాధిలో పథ్యం ఎంత మేలైనదైనా మందుకు బదులు కాజాలదు.

మామిడి ఋతువు, రమజాన్

చాంద్రమాన సంవత్సరం సుమారు 11 రోజులు తక్కువ గనుక రమజాన్ మాసం దాదాపు 33 ఏండ్లకు ఒకసారి ఋతువులన్నింటినీ చుట్టి వస్తుంది. 1983 నుండి 1987 వరకు, మరల 2016 నుండి 2020 వరకు అది మామిడి ఋతువులో వచ్చినది. తిరిగి 2050 ప్రాంతంలో రాగలదు. ఉపవాసం పేగుకు విశ్రాంతినిచ్చి పొరను బాగుచేయునన్న మాట కూడా ప్రచారంలో ఉన్నది. రమజాన్‌లో పేగు సూక్ష్మజీవులలో మార్పు వచ్చునని కొద్దిమందిపై జరిగిన చిన్న పరిశీలనలు చూపాయి. అవి మధుమేహ రోగి ఉపవాసానికి అభయపత్రం కాలేవు. 2001లో 13 దేశాలలో 12 వేలకు పైగా ముస్లిం మధుమేహ రోగులపై జరిగిన ఎపిడియార్ పరిశీలనలో, రమజాన్‌లో తీవ్రంగా చక్కెర పడిపోయే ప్రమాదం ఇన్సులిన్ తప్పనిసరియైన మొదటి రకం వారిలో సుమారు 4.7 రెట్లు, రెండవ రకం వారిలో సుమారు 7.5 రెట్లు పెరిగినట్లు తేలినది. అల్ బఖర సూరాలోని 184, 185 వాక్యాలు రోగికి మినహాయింపునిచ్చాయి. ఆ మినహాయింపును వినియోగించుకోవడం విశ్వాసలోపం కాదు. ఉపవాసం ఉండదలచిన రోగి నెలవంకకు ఒకటి రెండు నెలల ముందే వైద్యుని కలిసి మందుల వేళలు, మోతాదులు సవరించుకోవలసి ఉన్నది.

ఇక మామిడిపండు సంగతి. నూరు గ్రాముల గుజ్జులో సుమారు 15 గ్రాముల పిండి, చక్కెరలు ఉంటాయి. పీచు కూడా ఉన్నది. పీచుతో సహా తిన్న ముక్క వేరు, వడగట్టి పంచదార కలిపిన రసం వేరు, చక్కెర చిక్కబడిన మామిడి తాండ్ర వేరు. చక్కెర అదుపులో ఉన్న వ్యక్తి భోజనంలోని అన్నాన్ని కొంత తగ్గించి రెండు మూడు ముక్కలు తినవచ్చునని, అదుపు తప్పిన వ్యక్తి ఆగవలసినదని సాధారణంగా వైద్యులు చెప్పుతారు. ఇఫ్తార్ వేళ ఖర్జూరం, షర్బత్, రసం ఒకదాని వెంట ఒకటి తీసుకుంటే ఏ పేగు పొరా ఆదుకోలేదు. జొన్న, రాగి, పప్పులు, ఆకుకూరలు ఈ సీమకు కొత్తవి కావు. పీచు కొరకు ఖరీదైన చూర్ణాలను కొనవలసిన పని లేదు.

గాలెన్ రెండుగా లెక్కించినదానిని మూసా బిన్ మైమూన్ తిరిగి లెక్కించారు. ప్రవక్త (స) పేర చెలామణి అయిన మాటను ఇబ్న్ ఖయ్యిమ్ తిరిగి విచారించి, అది వైద్యునిదేనని తేల్చారు. ఆ వైద్యుని మాటను గాని, ఆ ప్రవక్త (స)పై భక్తిని గాని ఆయన తక్కువ చేయలేదు. పేగుకు, మధుమేహానికి గల సంబంధం నేడు పరిశోధనలో ఉన్న సత్యం. దానిని పరిశోధనగానే స్వీకరించి, చేతిలో ఉన్న మందును విడువకుండా, పళ్ళెంలో మితాన్ని పాటించడం ఆ విద్వాంసుల మార్గానికి దగ్గరైనది. వ్యాధిగ్రస్తులందరికీ అల్లాహ్ స్వస్థతను, వారిని చూచుకొనేవారికి సరియైన జ్ఞానాన్ని ప్రసాదించుగాక!